భూకంపాల పరిశీలన, ప్రజల సంసిద్ధత

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భూకంపం ఎక్కడ వచ్చిందో గుర్తించే పద్ధతిని వివరించగలుగుతారు.
• పరిశీలనతో పాటు ప్రజలకు శిక్షణ ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.

1. పరిచయం

2015 ఏప్రిల్ 25న మధ్యాహ్నం కావస్తుండగా నేపాల్‌లోని గోర్ఖా ప్రాంతంలో 7.8 పరిమాణం గల భూకంపం వచ్చింది. సుమారు 9,000 మంది మరణించారు. వేల సంఖ్యలో తరగతి గదులు కూలిపోయాయి. అయితే ఆ రోజు శనివారం, అక్కడి బడులకు సెలవు. అందువల్ల ఆ గదులలో పిల్లలు లేరు. అది బడి జరిగే రోజయితే ఏమయ్యేదో ఆలోచించండి.

ప్రతిసారీ సెలవు రోజే భూకంపం రాదు కదా! మరి మనం ఏమి చేయాలి?

2. భూకంపం ఎక్కడ వచ్చింది?

ఫలానా రోజున, ఫలానా చోట భూకంపం వస్తుందని ముందుగా చెప్పే పద్ధతి ఇంతవరకు లేదు. వచ్చిన భూకంపాన్ని మాత్రం కొలవవచ్చు. ఇందుకు ఉపయోగించే పరికరాన్ని భూకంపలేఖిని అంటారు. 1897 నాటి షిల్లాంగ్ భూకంపం తరువాత, మన దేశంలో మొదటి భూకంప పరిశీలన కేంద్రాన్ని 1898లో కలకత్తాలోని అలీపూర్‌లో నెలకొల్పారు.

మెరుపు కనిపించిన కొంతసేపటికి ఉరుము వినిపించడం మీకు తెలుసు. దూరం పెరిగిన కొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. భూకంపంలో కూడా ప్రాథమిక తరంగాలు ముందు, ద్వితీయ తరంగాలు తరువాత పరికరాన్ని చేరుతాయి. దగ్గరి భూకంపాలలో ఈ రెండింటి మధ్య ఒక్కొక్క సెకను వ్యవధికి దూరం సుమారు 8 కి.మీ. చొప్పున లెక్కిస్తారు.

ఉదాహరణ: వ్యవధి 10 సెకన్లు అయితే, దూరం 10 × 8 = 80 కి.మీ.

కాని ఆ 80 కి.మీ. ఏ దిక్కున? కనీసం మూడు కేంద్రాల చుట్టూ పటంపై ఇలా వృత్తాలు గీస్తే, అవి కలిసే చోటే అధికేంద్రం.

3. బడిలో భూకంపలేఖిని

గోర్ఖా భూకంపం తరువాతి సంవత్సరాలలో నేపాల్‌లోని కొన్ని బడులలో తక్కువ ఖర్చుతో తయారైన చిన్న భూకంపలేఖినులను అమర్చారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. దీనివల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, భూకంపాల సమాచారం మరికొన్ని చోట్ల నుండి లభిస్తుంది. రెండు, పిల్లలు బడిలో నేర్చుకున్న జాగ్రత్తలను ఇంట్లో పెద్దలకు చెబుతారు.

4. మన ప్రాంతంలో

దక్కను పీఠభూమికి భూకంపాల భయం లేదని చాలామంది అనుకునేవారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి వద్ద భూమి కంపించి, రాతి, మట్టి గోడల ఇళ్ళు కూలి, నిద్రలో ఉన్న వేలాదిమంది చనిపోయారు. 2024 డిసెంబరు 4న తెలంగాణలోని ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణం గల భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లో కూడా ప్రకంపనలు తెలిశాయి.

భూమి కంపించినపుడు గట్టి బల్ల కిందకు చేరి తలను కాపాడుకోండి. ఆరుబయట ఉంటే గోడలకు, కరెంటు తీగలకు దూరంగా ఉండండి. పరికరం భూకంపాన్ని నమోదు చేస్తుంది. ప్రాణాలు కాపాడేది ముందుగా చేసిన అభ్యాసమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తరంగాల మధ్య వ్యవధి 15 సెకన్లు అయితే దూరమెంత?
2. ఒక్క కేంద్రంతో అధికేంద్రాన్ని ఎందుకు గుర్తించలేము?
3. మీరు పడుకునే చోట తలపై పడగల బరువైన వస్తువులేవి? ఈ రోజే వాటిని కిందకు దించండి.

జవాబులు: 1. సుమారు 120 కి.మీ. 2. దూరం తెలుస్తుంది, దిక్కు తెలియదు.