లారీ వెనుక పలకను చదవడం నేర్చుకుందాం



మన సేత్తూరు మీదుగా పోయే రాజపాళయం – తెన్‌కాశి రోడ్డుకు రాత్రి కూడా నిద్ర లేదు. సెంగోట దాటి కేరళకు పోయే లారీలు, ట్యాంకర్లు ఎన్నో మన ఇళ్ళ ముందు నుండే పోతుంటాయి. ఆ ట్యాంకర్ల ప్రక్కనే మన పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ బడికి పోతారు. ట్యాంకరు వెనుక ఒక పలక, దాని మీద మూల మీద నిలబెట్టిన చతురస్రంలో ఒక బొమ్మ, నాలుగు అంకెలు ఉంటాయి. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకు వచ్చిన ప్లస్ టూ అమ్మాయిని ఆ అంకెలేమిటమ్మా అని అడిగితే, "బండి నంబరు గదా తాతా" అంది. ఆ పిల్లను తప్పు పట్టను. బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా అంకెలతోనే బ్రతికిన నాకు కూడా రిటైరయ్యేదాకా తెలియదు.

కామర్స్ పిల్లలకు సులభంగా తెలిసే ఉదాహరణ చెబుతాను. చెక్కు మూలన రెండు అడ్డగీతలు గీస్తే కౌంటరులో నగదు ఇవ్వకూడదు, ఖాతాలోనే జమ చేయాలి. చెక్కు వ్రాసినవారు ఎవరో గుమాస్తాకు తెలియదు, అడగడానికి వారు ఎదుట ఉండరు. ఆ రెండు గీతలే వారి తరఫున మాట్లాడతాయి. లారీ పలక కూడా అంతే. లారీ బోల్తా పడి, డ్రైవరు స్పృహ లేకుండా ఉన్నప్పుడు, ఫైర్ సర్వీసు వారితో మాట్లాడవలసింది ఆ పలకే.

అది ఏ భాషలో మాట్లాడాలి? మనకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. డ్రైవరు నామక్కల్ వాడు కావచ్చు, నెల్లూరు వాడు కావచ్చు, కొల్లం వాడు కావచ్చు. అందుకే రంగు, బొమ్మ, అంకె అనే మూడింటిని భాషగా చేసుకున్నారు. ఐక్యరాజ్య సమితి నియమించిన నిపుణుల సంఘం 1956లో మొదటిసారి ఈ విషయమై సిఫార్సులు ప్రకటించింది. ఆ తరువాత ప్రపంచ దేశాలు ఒక్కొక్కటిగా వాటిని అనుసరించాయి. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 129 నుండి 137 వరకు ఉన్నవి ఈ సంగతివే.

ప్రమాదకరమైన సరుకులు తొమ్మిది వర్గాలు. బొమ్మ క్రింది మూలలో కనిపించే అంకె ఆ వర్గమే. 1 ప్రేలుడు పదార్థాలు, 2 వాయువులు, 3 మండే ద్రవాలు, 4 మండే ఘనపదార్థాలు, 5 మంటకు ఆక్సిజన్ అందించేవి, 6 విషాలు, 7 రేడియోధార్మిక పదార్థాలు, 8 ఆమ్లాల వంటి తినివేసేవి, 9 మిగిలినవన్నీ. పరీక్షకు చదివినట్లు కంఠస్థం చేయనక్కరలేదు. మన చుట్టూ ఉన్నవాటితో కలిపి చూస్తే అదే గుర్తుంటుంది.

శివకాశినే తీసుకోండి. ఒకే ఊరి నుండి అగ్గిపెట్టెలూ వస్తాయి, టపాకాయలూ వస్తాయి. టపాకాయలు 1వ వర్గం, లేబుల్ నారింజ రంగు. అగ్గిపెట్టెలు 4వ వర్గంలో 4.1, తెలుపు మీద ఎర్రటి నిలువు గీతలు, యు.ఎన్. నంబరు 1944. రెండూ నిప్పుకు సంబంధించినవే గదా, ఈ తేడా ఎందుకు? ఒకటి అంటుకుని మండేది, ఇంకొకటి ప్రేలేది. ఆర్పడానికి వచ్చినవారు ఎంత దూరంలో నిలవాలో ఆ తేడాయే చెబుతుంది. టపాకాయలలోనూ పెట్టెలో సర్దిన తీరును బట్టి ఉపవర్గం మారుతుంది. ఇక చత్రపట్టి బ్యాండేజి గుడ్డను తెల్లబరచడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ 5వ వర్గం. అది తానుగా మండదు గాని ప్రక్కనున్న మంటను రెచ్చగొడుతుంది. దాని లేబుల్ పసుపు, బొమ్మలో ఒక వలయం మీద మంట.

డబ్బాకు అంటించేది లేబుల్. లారీకి తగిలించేది పలక. పలకను బండికి రెండు ప్రక్కలా, వెనుకా పెట్టాలి. వర్గపు గుర్తు 250 మిల్లీమీటర్ల చతురస్రానికి తగ్గకూడదు. యు.ఎన్. నంబరు అంకెలు 100 మిల్లీమీటర్ల ఎత్తయినా ఉండాలి. అంటే దగ్గరకు పోకుండానే చదవగలగాలి. దాని ప్రక్కన సరుకు పేరు, ఆపదలో పిలవవలసిన ఫోన్ నంబర్లు ఉంటాయి. 1203 అంటే పెట్రోలు. 1075 అంటే వంటగ్యాసు. 1017 అంటే క్లోరిన్, అది కనబడితే ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలి. పెట్రోలు ట్యాంకరు మీద "3వైఇ" అనే సంకేతం కూడా చూస్తారు. 3 అంటే నురుగుతో ఆర్పాలి. వై అంటే శ్వాస పరికరం పెట్టుకోవాలి, కారినది కాలువలోకి పోనివ్వకూడదు, ప్రేలే అవకాశం ఉంది. చివరి ఇ అంటే చుట్టుప్రక్కల వారిని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. మూడు అక్షరాలలో ఇంత కబురు! మా బ్రాంచి సర్క్యులర్లు ఇంత పొదుపుగా ఉంటే ఎంత బాగుండేదో.

అయితే ఈ పద్ధతి అంతా ఒక్క నమ్మకం మీద నిలిచి ఉంది. సరుకు పంపేవాడు నిజం చెప్పాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1987 దీపావళికి, వేరే జిల్లా బ్రాంచిలో పని చేస్తున్న రోజులలో, శివకాశిలో టపాకాయలు కొని జవుళి కొట్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. సంచిలో ఏమిటని కండక్టరు అడిగితే గుడ్డలని చెప్పాను. సంచి మీద చీరల కొట్టు పేరు ఉంది గనుక ఆయన నమ్మాడు. నా ముందు సీటులోని పెద్దాయన తాపీగా బీడీ వెలిగించాడు. దిగేదాకా ఆ సంచిని కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. కాని తప్పుడు వోచరును ఏనాడూ పాస్ చేయని నేను, ఆ రోజు నలభై మంది ప్రాణాల మీద తప్పుడు వోచరు వ్రాశాను. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుండి బెంగళూరు పోయే బస్సు కాలిపోయి బస్సులోని 19 మంది మరణించిన వార్త చదివినప్పుడు ఆ సంచి మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. రోడ్డు మీది మోటారు సైకిలును బస్సు ఈడ్చుకుపోవడంతో మంట పుట్టింది. సామాను అరలో ఉన్న సెల్‌ఫోన్ల పార్శిలులోని బ్యాటరీలు ఆ మంటను పెంచి ఉంటాయని పత్రికలు వ్రాశాయి. లిథియం బ్యాటరీలు 9వ వర్గం. ఫోన్లతో కూడిన వాటి యు.ఎన్. నంబరు 3481. గుర్తు పై సగంలో నల్లటి నిలువు గీతలు, క్రింద బ్యాటరీల బొమ్మ. మీ చేతిలోని ఒక్క ఫోను వేరు, ఒక్కచోట సర్దిన వందల ఫోన్లు వేరు. పైన నిద్రపోయేవారికి క్రింద ఏముందో తెలియదు.

హాస్టళ్ళ నుండి పండుగకు వచ్చే పిల్లలు, వారికి పార్శిళ్ళు కట్టి పంపే తల్లులు ఇది గమనించాలి. రైలులో టపాకాయలు, గ్యాసు సిలిండరు తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను క్రింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలే గదా అనుకునేవారికి 2023 ఆగస్టు 26న మన మధురై స్టేషనులో జరిగినది గుర్తు చేస్తాను. యాత్రికుల పెట్టెలోకి రహస్యంగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి 9 మంది పోయారు.

ట్యాంకరు ఎక్కడైనా బోల్తా పడితే చూడటానికి పరుగెత్తకండి. గాలి ఎటు వీస్తున్నదో చూసి, గాలికి ఎదురు దిక్కుగా దూరం పోయి, 112కు గాని 101కు గాని ఫోన్ చేసి, కనబడితే ఆ నాలుగు అంకెలు చెప్పండి. కారిన పెట్రోలును బిందెలతో పట్టుకోవడానికి పోయినవారి కథ తెలిసిందే. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అలా 200 మందికి పైగా కాలిపోయారు. ఖాళీ ట్యాంకరు అని కూడా నమ్మవద్దు. పెట్రోలు దించినా లోపల ఆవిరి ఉంటుంది. ట్యాంకును శుభ్రం చేసేదాకా పలక తీయకపోవడం అందుకే.

ఇక ఇంటిపని. బస్టాపులో బస్సు కోసం నిలబడినప్పుడు, రోడ్డు మీదికి దిగకుండా, కనబడిన అయిదు ట్యాంకర్ల యు.ఎన్. నంబర్లు, వర్గం అంకె వ్రాసుకోండి. పలక మాసిపోయి గాని, తాడుతోనో తార్పాలిన్‌తోనో కప్పబడి గాని చదవడానికి వీలు కాకపోతే అది కూడా వ్రాయండి. నోటుబుక్కులు ట్రస్టు ఆఫీసులో ఇస్తే నేనే దిద్దుతాను. ఆ ప్లస్ టూ అమ్మాయి ఇప్పటికే మూడు తెచ్చి ఇచ్చింది. రెండు 1203. మూడవ దానికి ఎదురుగా "పెయింటు పోయింది తాతా" అని వ్రాసింది.