నక్షత్రాల పుట్టిల్లు

నస్పూర్ గనుల్లోని బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పూర్వం వృక్షాలు గ్రహించిన సూర్యకాంతికి ఘనరూపం. ఆ సూర్యుని వంటి నక్షత్రాలు శీతల వాయుమేఘాలు గురుత్వాకర్షణ వల్ల కుంచించుకొనగా జన్మిస్తాయి.

కొన్ని గెలాక్సీల నడుమ బృహత్తర కృష్ణబిలం చుట్టూ సుడులు తిరిగే పదార్థం ప్రచండంగా ప్రకాశిస్తుంది. దీనినే క్రియాశీల కేంద్రకం అంటారు. దాని నుండి వెలువడే ప్రవాహాలు వాయువును వేడిచేసి, చెదరగొట్టి నక్షత్రోత్పత్తిని అణచివేయగలవు. అవే మేఘాలను ఒత్తి నక్షత్రాలకు జన్మనూ ఇవ్వగలవు. మరి ఆ కేంద్రకం సంహారకమా? పోషకమా?

భారీ నవజాత నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని అధికంగా వెదజల్లుతాయి. భూవాతావరణం దానిని చాలావరకు అడ్డగిస్తుంది. కనుక దానిని చూడటానికి అంతరిక్షమే శరణ్యం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శిని, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని సెంటారస్-ఎ గెలాక్సీని చిత్రీకరించింది. కేంద్రకానికి ఎంతో దూరాన, దాని జెట్ సాగిన దిశలోనే, వాయుతంతువుల వెంట యువ నక్షత్రాలు కనిపించాయి. చేరువలో చెదరగొట్టే శక్తియే దూరాన సృష్టికి తోడ్పడవచ్చునన్నమాట.

ఆ కాంతి బయలుదేరేనాటికే నస్పూర్ బొగ్గు భూగర్భంలో నిద్రిస్తున్నది. గనిలోని నలుపునైనా, గెలాక్సీ నడుమ నలుపునైనా పైరూపాన్ని బట్టి నిర్ణయించరాదు. లోతుగా పరిశీలించిన వారికే అందులోని వెలుగు తెలుస్తుంది.