వాన వెలిసేదాకా ఆగలేని లెక్క

2022 జూలై రెండో వారంలో కడెం ప్రాజెక్టులోకి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 18 గేట్లూ ఎత్తినా బయటికి పోగలిగేది దాదాపు మూడు లక్షలే. పైగా ఒక గేటు మొరాయించింది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఎగువన బజార్‌హత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ వైపు ఎంత వాన పడిందో రెండు రోజుల తర్వాత తెలిస్తే గేట్ల దగ్గర నిలబడ్డ మనిషికి ఏం లాభం?

ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు స్ట్రీమ్ ప్రాసెసింగ్ అనే మాట వినే ఉంటారు. అంకెలన్నీ చేరాక ఒకేసారి లెక్క వేయడం బ్యాచ్ పద్ధతి. పేపర్లన్నీ దిద్దాక మేము ర్యాంకులు వేసినట్టు. ప్రతి అంకెనూ వచ్చిన వెంటనే లెక్కలో కలుపుకుంటూ పోవడం స్ట్రీమ్ పద్ధతి. ఈ పనికి వాడే కాఫ్కా, స్టార్మ్ రెండూ 2011లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి.

మన రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. అలాంటివి ప్రతి పదిహేను నిమిషాలకూ ఒక అంకె పంపుతున్నాయనుకుందాం. పనిని నాలుగు కంప్యూటర్లకు పంచుతాం. ఒక కేంద్రం అంకెలు ఎప్పుడూ ఒకే కంప్యూటర్‌కు పోవాలి, లేకుంటే వరుస తప్పుతుంది. ఇక్కడ పిల్లలు తరచూ ఒక పొరపాటు చేస్తారు. మూడు కేంద్రాలున్న కంప్యూటర్ సగటు 30 మిల్లీమీటర్లు, ఒకే కేంద్రమున్న దానిది 10 అనుకోండి. రెండింటినీ కలిపి సగటు 20 అనేస్తారు. అసలు సగటు 25. కాబట్టి ఒక్కో కంప్యూటర్ సగటును కాదు, మొత్తాన్నీ కేంద్రాల సంఖ్యనూ పంపాలి.

అసలు చిక్కు వేగంలో లేదు, ఆలస్యంలో ఉంది. ఇచ్చోడలో 1:45కు కొలిచిన వాన సిగ్నల్ లేక 2:10కి చేరింది. అది ఏ గంట ఖాతాలోకి? కొలిచిన సమయమే ప్రమాణం, ఒంటి గంట ఖాతాలోకే. మరి ఆ ఖాతాను ఎంతసేపు తెరిచి ఉంచాలి? ఇంతవరకు వచ్చేశాయి, ఇక మూయవచ్చు అని చెప్పే గుర్తును వాటర్‌మార్క్ అంటారు. మన డ్యాం గోడ మీది నీటిమట్టం గీతను తలపించే పేరు! తొందరగా మూస్తే వాన తక్కువగా కనబడుతుంది, ఎక్కువసేపు ఆగితే వరదే ముందొస్తుంది. మా మటుకు, ముందు ఉజ్జాయింపు అంకె ఇచ్చి, ఆలస్యంగా వచ్చినవి చేరాక దాన్ని సవరించడమే మేలు.

ఇంకొకటి. అంకె అందిందన్న జవాబు రాకపోతే కేంద్రం దాన్నే మళ్లీ పంపుతుంది. 20 మిల్లీమీటర్లు 40 అయిపోతాయి. కేంద్రం నంబరు, కొలిచిన సమయం కలిపి ప్రతి అంకెకు గుర్తింపుగా పెడితే, రెండోసారి వచ్చింది పాతదాని స్థానంలోనే కూర్చుంటుంది, కూడదు.

నడిరాత్రి ఒక కంప్యూటర్ ఆగిపోతే? వచ్చిన అంకెలను లాగ్‌లో వరుసగా రాసి ఉంచాలి. అప్పుడప్పుడు, అప్పటివరకు అయిన మొత్తాన్నీ, లాగ్‌లో ఎక్కడిదాకా చదివామన్నదాన్నీ కలిపి భద్రపరచాలి. దీన్ని చెక్‌పాయింట్ అంటారు. రెండిట్లో ఒకటే దాస్తే కొన్ని అంకెలు పోతాయి, లేదా రెండుసార్లు పడతాయి. రెండూ ఉంటే మరో కంప్యూటర్ అక్కడి నుంచే అందుకుంటుంది.

ఇదంతా నేర్చుకోవడానికి నాలుగు కంప్యూటర్లు అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్‌లో నాలుగు ప్రోగ్రాములు నడిపి, మధ్యలో ఒకదాన్ని కావాలనే ఆపి, మొత్తం మారిందో లేదో చూడండి.