టిక్ తీసేసిన గడి సంగతి

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక సభ్యత్వ ఫారంలో ‘నా ఫోనుకు సందేశాలు పంపవచ్చు’ అని ఒక గడి ఉండేది. ఒక పెద్దాయన అందులో టిక్ తీసేసి సేవ్ చేశారు. సందేశాలు ఆగలేదు. మళ్లీ తీశారు, మళ్లీ వచ్చాయి. చివరికి ఫోన్ చేసి, ‘వద్దని ఎన్నిసార్లు చెప్పాలి బాబూ?’ అని అడిగారు. తప్పు నాది. టిక్ ఉంటే 1 అని రాయమన్నాను గానీ, లేనప్పుడు ఏం చేయాలో కోడ్‌లో చెప్పనే లేదు.

టిక్ లేని చెక్‌బాక్స్ గురించి బ్రౌజర్ సర్వరుకు ఏమీ పంపదు. సున్నా రాదు, ఖాళీ విలువ కూడా రాదు, అసలు ఆ గడి పేరే రాదు. పీహెచ్‌పీ ఫారాల్లో చెక్‌బాక్స్ తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

చేయవలసినవి

గడి పేరు వచ్చిందో లేదో ముందు ఐసెట్ ఫంక్షన్‌తో చూడండి. వస్తే 1, రాకపోతే 0 అని రెండు దారులూ రాయండి. చూడకుండా నేరుగా చదివితే పీహెచ్‌పీ 8 నుంచి వార్నింగ్ వస్తుంది. అంతకుముందు అది నోటీసు మాత్రమే కాబట్టి చాలామంది పట్టించుకోలేదు.

ప్రతి గడికీ వాల్యూ ఇవ్వండి. ఇవ్వకపోతే టిక్ పెట్టిన గడులన్నీ ‘ఆన్’ అనే ఒకే మాట పంపుతాయి. ఒకే పేరుతో చాలా గడులుంటే పేరు చివర [] పెట్టండి. అది లేకపోతే చివరి టిక్ ఒక్కటే పీహెచ్‌పీకి దక్కుతుంది.

పాత రికార్డును మార్చే ఫారం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఒక ఉద్యోగికి రసీదులు చూసే అనుమతి, రద్దు చేసే అనుమతి రెండూ ఉన్నాయనుకోండి. సీటు మారాక అధికారి ‘రద్దు’ గడిలో టిక్ తీసేశారు. మీ కోడ్ వచ్చిన టిక్‌ల మీదే లూప్ నడిపి డేటాబేస్‌లో చేర్చుకుంటూ పోతే ఆ రద్దు అధికారం పదిలంగా ఉండిపోతుంది. లూప్‌ను మీ దగ్గరున్న పూర్తి జాబితా మీద నడపండి. ఒక్కో అంశం వచ్చినవాటిలో ఉందా అని చూసి, ఉంటే ఇవ్వండి, లేకపోతే తొలగించండి. చేర్పులూ తొలగింపులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. 200 అంశాలను పేజీకి 20 చొప్పున చూపిస్తుంటే, ఆ పేజీలో చూపిన 20 మీదే లూప్ నడవాలి. లేదంటే తెర మీద లేని 180 కూడా టిక్ తీసేసినవిగా లెక్కకొచ్చి తుడిచిపెట్టుకుపోతాయి.

చేయకూడనివి

హిడెన్ ఫీల్డులో 0 పెట్టి, దాని కింద అదే పేరుతో చెక్‌బాక్స్ పెట్టే చిట్కాను గుడ్డిగా వాడకండి. ఒంటరి గడికి అది పనిచేస్తుంది, ఎందుకంటే పీహెచ్‌పీ చివర వచ్చినదాన్నే ఉంచుకుంటుంది. వరస తారుమారైతే ఎప్పుడూ 0 వస్తుంది. ఈ చిట్కా ఉన్నచోట ఐసెట్‌ను నమ్మకండి, టిక్ లేకపోయినా ‘ఉంది’ అంటుంది.

మీరు పెట్టిన వాల్యూలే తిరిగి వస్తాయనుకోకండి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ‘చూడటం’ను ‘అడ్మిన్’గా మార్చి పంపడం అరనిమిషం పని. వచ్చిన ప్రతి విలువనూ అనుమతించిన జాబితాతో ఇన్-అరే ద్వారా పోల్చండి, మూడో ఆర్గ్యుమెంటుగా ట్రూ ఇవ్వండి. వచ్చింది అరేనా కాదా అన్నదీ ముందే చూసుకోండి. ఈ విలువలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకండి, ఒక్కోదానికి ఒక ప్లేస్‌హోల్డర్ పెట్టండి.

మార్చకూడని గడిని డిసేబుల్ చేసి ఊరుకోకండి. తెర మీద టిక్‌తో కనిపించినా అది సర్వరుకు రాదు. బదులుగా రీడ్ఓన్లీ పెడదామన్నా అది చెక్‌బాక్స్‌కు వర్తించదు.

వేల గడులున్న హాజరు పట్టికను ఒకే ఫారంలో పెట్టకండి. మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ సెట్టింగు మామూలుగా 1000. అది దాటాక వచ్చినవాటిని పీహెచ్‌పీ వదిలేస్తుంది. అలా పోయిన టిక్‌కూ, మనిషి తీసేసిన టిక్‌కూ మీ కోడ్‌కు తేడా తెలియదు, వచ్చిన పిల్లవాడికి గైర్హాజరు పడుతుంది.

సమ్మతి గడిలో ముందే టిక్ పెట్టి ఉంచకండి. అది సమ్మతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తీర్పు చెప్పింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి అంటే మనిషి స్పష్టంగా తానే చేసిన చర్యగా ఉండాలంటుంది. ఎప్పుడు ఒప్పుకున్నారో, ఏ వాక్యానికి ఒప్పుకున్నారో కూడా భద్రపరచండి.

ఫారం పూర్తయ్యాక అన్ని గడుల్లో టిక్ పెట్టి సేవ్ చేసి చూడండి. తర్వాత అన్నీ తీసేసి సేవ్ చేసి, పేజీ మళ్లీ తెరవండి. ఈ రెండో పరీక్ష చేయకుండా దయచేసి ఏ ఫారాన్నీ జనం ముందు పెట్టకండి.