వీధి కింది పేలుడు, ముందుగా వచ్చే వాసన

నగరంలో వీధి అంటే పైకి కనిపించే తారు, సిమెంటు మాత్రమే కాదు. దాని కింద మురుగునీటి గొట్టాలు, మంచినీటి గొట్టాలు, వాననీటి కాలువలు, విద్యుత్ తీగలు, టెలిఫోన్ తీగలు ఒకదాని పక్కన ఒకటి సాగుతూ ఉంటాయి. కొన్ని నగరాలలో ఇంధన గొట్టాలు కూడా ఉంటాయి. వీటిని వేర్వేరు కాలాలలో, వేర్వేరు శాఖలు వేస్తాయి. అందువల్ల అకస్మాత్తుగా మ్యాన్‌హోల్ మూత ఎగిరిపడినప్పుడు, రోడ్డు బీటలువారినప్పుడు "కారణం తెలియని పేలుడు" అనే మాట వినిపిస్తుంది. కానీ కారణం లేకుండా పేలుడు సంభవించదు. చాలా సందర్భాలలో ఆ కారణం వాసన రూపంలో ముందే తన ఉనికిని తెలుపుతుంది.

పేలుడు ఎలా సంభవిస్తుంది?

పేలుడుకు మూడు అంశాలు కలవాలి: మండే వాయువు, గాలి, నిప్పురవ్వ. మురుగు కుళ్ళినప్పుడు మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువులు పుడతాయి. కాలువలో పోసిన పెట్రోలు, కిరోసిన్, రంగులు కలిపే ద్రావకాలు ఆవిరై అక్కడే నిలుస్తాయి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. అది పైకి పోక, పల్లానికి జారి కాలువలో చేరుతుంది. భూగర్భ విద్యుత్ తీగల పైపొర వేడికి కాలినప్పుడు కూడా మండే వాయువులు వెలువడతాయి. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో మ్యాన్‌హోళ్ళ నుండి పొగ, మంటలు రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. గాలిలో మీథేన్ సుమారు 5 శాతం నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడే అది పేలుతుంది. అంతకంటె తక్కువైతే అంటుకోదు. ఎక్కువైతే గాలి చాలక అంటుకోదు. అందుచేత ఉదయం అదే చోట అగ్గిపుల్ల గీసినా ఏమీ జరగకపోవచ్చు, సాయంత్రం అదే అగ్గిపుల్ల ప్రాణాంతకం కావచ్చు. నిన్న ఏమీ కాలేదు కాబట్టి నేడూ కాదని అనుకోవడం పొరపాటు.

మూడు ఊళ్ళు చెప్పే పాఠం

1992 ఏప్రిల్ 22న మెక్సికో దేశంలోని గ్వాదలహారా నగరంలో మురుగు కాలువలు వరుసగా పేలిపోయాయి. సుమారు 8 కిలోమీటర్ల మేర వీధులు ధ్వంసమయ్యాయి. 200 మందికి పైగా మరణించారు. మంచినీటి గొట్టం పక్కనే ఉన్న పెట్రోలు గొట్టం తుప్పుపట్టి, చిల్లుపడి, పెట్రోలు మురుగు కాలువలోకి ఇంకింది. భూగర్భ రైలు మార్గం కోసం కాలువను కిందికి వంచడంతో నీరు ముందుకు పోయింది గాని, ఆవిరి వెనుకనే నిలిచిపోయింది. పేలుడుకు ముందు కొన్ని రోజులుగా కాలువల నుండి పెట్రోలు వాసన వస్తున్నదని ప్రజలు ఫిర్యాదు చేశారు. అధికారులు వచ్చి చూశారు, కాని వీధులను ఖాళీ చేయించలేదు.

2014 జూలై 31 రాత్రి తైవాన్‌లోని కావ్‌షుంగ్ నగరంలో ఇటువంటి ప్రమాదమే జరిగింది. ప్రొపీన్ వాయువును తీసుకుపోయే గొట్టం ఒక భూగర్భ కాలువ గుండా సాగింది. ఆ తేమకు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. 32 మంది మరణించారు. వాసన గురించి తొలి సమాచారం అందిన సుమారు మూడు గంటల తరువాత పేలుడు సంభవించింది.

తెలుగునాటి ఉదాహరణ నగరానిది కాదు, గ్రామానిది. అదే సంవత్సరం జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పగిలి మంటలు చెలరేగాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరితోటలు, ఇళ్ళు కాలిపోయాయి. అక్కడ కూడా గొట్టం లోపలి తుప్పే మూలకారణంగా తేలింది.

ఈ మూడు చోట్లా వైఫల్యం గొట్టంతో మొదలైంది. మొదటి రెండింటిలో హెచ్చరిక అంది, చర్య ఆలస్యమైంది. కాబట్టి పౌరుని విధి సమాచారం ఇవ్వడం. అధికారుల విధి ఆ సమాచారాన్ని ఆ క్షణమే పట్టించుకోవడం. ఈ రెండింటిలో ఏది లోపించినా రెండవది వ్యర్థమవుతుంది.

భాష అడ్డు కారాదు

నాందేడ్‌కు పనికోసం వచ్చిన తెలుగువారిలో కొందరు, మరాఠీ సరిగా రాదనే సంకోచంతో ఫిర్యాదు చేయక ఊరుకుంటారు. ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు: "నాలీతూన్ గ్యాస్‌చా వాస్ యేతోయ్." దీనికి అర్థం, కాలువలోనుండి గ్యాసు వాసన వస్తోంది అని. మరాఠీ "వాస్", తెలుగు "వాసన" దగ్గరి చుట్టాలే. పెట్రోలు అయితే "గ్యాస్‌చా" బదులు "పెట్రోల్‌చా" అనాలి. ఆ తరువాత వీధి పేరు, దగ్గరలోని గుడి, బడి లేదా చౌరస్తా పేరు చెప్పాలి. అగ్నిమాపక దళానికి 101, అత్యవసర సహాయానికి 112, వంటగ్యాసు లీకుకు 1906 నంబర్లు ఉన్నాయి.

చేయవలసినవి, చేయకూడనివి

1. వాసన వచ్చిన చోట బీడీ, అగ్గిపుల్ల, పొయ్యి వెలిగించరాదు. విద్యుత్ స్విచ్ వేయరాదు, ఆపరాదు. వాహనం స్టార్ట్ చేయరాదు. దూరంగా వెళ్ళిన తరువాతే ఫోన్ చేయాలి.

2. మ్యాన్‌హోల్ మూత సొంతంగా తెరవరాదు. పిల్లలను దాని దగ్గర ఆడుకోనివ్వరాదు.

3. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చి, కాసేపటికి తగ్గినట్లు తోచినా ప్రమాదం తొలగిందని భావించరాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది.

4. లోపల ఎవరైనా పడిపోతే వారిని రక్షించడానికి ఎవరూ దిగరాదు. ఒకరి వెనుక ఒకరు దిగి మరణించిన ఘటనలు అనేకం. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.

5. పాత పెట్రోలు, రంగు నూనె, ఇంజిన్ ఆయిలు కాలువలో పోయరాదు.

6. తవ్వకం పనిలో పలుగు గాని, యంత్రం గాని గొట్టానికి తగిలితే, కూలి పోతుందనే భయంతో మట్టి కప్పి వెళ్ళరాదు. పని ఆపి, మేస్త్రీకి, అధికారులకు వెంటనే చెప్పాలి. ఆనాడు కప్పిన చిన్న గీత కొన్నేళ్ళకు తుప్పై, చిల్లై, మరొకరి ఇంటి ముందు పేలవచ్చు.

వీధి కింద ఏముందో ప్రతి పౌరుడూ తెలుసుకోలేకపోవచ్చు. వాసనను గుర్తించి ఒక ఫోన్ చేయడం మాత్రం ప్రతి ఒక్కరికీ సాధ్యమే.