తల్లికి తొలి కబురు

ఉద్దేశం: ఆవు చూడి కట్టిన తొలిదినాలలో కలిగే ప్రోటీన్ల మార్పులను, ఆ పరిజ్ఞానం పాడిరైతుకు ఉపకరించే తీరును తెలపడం.

ఆవు చూడి కట్టిందా లేదా అన్నది పాడిరైతుకు చిన్న ప్రశ్న కాదు. చూడి నిలిస్తేనే ఈత, ఈనితేనే పాలు. చూడి నిలవని ఆవు సాధారణంగా 21వ రోజు ప్రాంతంలో మళ్లీ ఎదకు వస్తుంది. ఆ ఎదను గుర్తించలేకపోతే మరో మూడు వారాల మేత, శ్రమ వ్యర్థమవుతాయి. అయితే రైతుకంటె ముందే ఈ సంగతి ఆవు శరీరానికి తెలియాలి. ఎలా తెలుస్తుంది?

అండం విడుదలైన చోట అండాశయంలో కార్పస్ లూటియం అనే గ్రంథి ఏర్పడుతుంది. అది స్రవించే ప్రొజెస్టిరాన్ గర్భాశయాన్ని పిండపోషణకు సిద్ధం చేస్తుంది. పిండం జాడ లేకపోతే 17వ రోజు ప్రాంతంలో గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేసి ఆ గ్రంథిని క్షీణింపజేస్తుంది. కనుక పిండం బ్రతకాలంటే గడువులోగా తన ఉనికిని తల్లికి తెలపాలి. అప్పటికింకా అది గర్భాశయపు గోడకు అంటుకొని ఉండదు, బొడ్డుతాడూ ఉండదు. మరి కబురు అందేదెట్లా?

వారం వయసులో సూదిమొనంత గోళంగా ఉన్న పిండం, రెండు వారాలు దాటేసరికి సన్నని దారంలా సాగుతుంది. అప్పుడు ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను విరివిగా స్రవిస్తుంది. అది గర్భాశయపు లోపలిపొరపై పనిచేసి, గ్రంథికి ముప్పు రాకుండా ఆపుతుంది. చూడి నిలుస్తుంది.

ఇంటర్‌ఫెరాన్లను 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వైరస్ నిరోధకాలుగా గుర్తించారు. గొర్రె పిండం స్రవించే ప్రోటీన్ కూడా ఆ కుటుంబానిదేనని 1987లో వెల్లడైంది. ఆవు పిండం స్రవించేదీ అటువంటిదే. రోగరక్షణకు తోడ్పడే పదార్థాల కుటుంబంలోనిదే ఒకటి ఇక్కడ బిడ్డ తల్లికి పంపే కబురైంది.

పెరుగుదలలో వెనుకబడిన పిండం ఈ ప్రోటీన్‌ను చాలినంతగా స్రవించలేదు. అప్పుడు ఆవు ఎదకు వస్తుంది. రైతు 'కట్టలేదు' అనుకుంటాడు. నిజానికి కట్టి, పోయింది. గర్భనష్టంలో అధికభాగం ఇలా తొలి మూడు వారాలలోనే, ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది.

పిండం నిలదొక్కుకున్న తరువాత జరాయు కణాలు గర్భసంబంధ గ్లైకోప్రోటీన్లను తల్లి రక్తంలోకి పంపుతాయి. సుమారు 28వ రోజు నుండి వీటిని రక్తంలోను, పాలలోను గుర్తించవచ్చు. చేతితో చూసే పరీక్షకైతే నెలన్నర నుండి రెండు నెలలు ఆగవలసి వస్తుంది. అయితే ఈనిన తరువాత కొన్ని వారాలు, పిండం మరణించినా కొన్నాళ్లు ఇవి రక్తంలో మిగిలి ఉంటాయి. అందుచేత పరీక్షాఫలితాన్ని ఆవు ఈనిన తేదీ, ఎద తేదీలతో పోల్చి చూసుకోవాలి. ప్రయోగశాల ఎంత పెరిగినా, పశువును కనిపెట్టి చూసే రైతు కన్ను అవసరమే.

అర్థాలు
చూడి = పశువుల గర్భం
ఎద = ఆడపశువు గర్భధారణకు సిద్ధమయ్యే దశ
జరాయువు = మావి

ప్రశ్నలు
1. పిండం తన ఉనికిని తల్లికి ఎట్లా తెలుపుతుంది?
2. 'కట్టి, పోయింది' అనడంలోని అంతరార్థాన్ని వివరించండి.
3. గ్లైకోప్రోటీన్ల పరీక్ష వలన కలిగే ప్రయోజనాన్ని, దాని పరిమితిని తెలపండి.