సూర్యరశ్మి అందరిది, వ్యయభారము ఎవరిది?

మన రాష్ట్రపు దక్షిణపు కొసన, చెన్నై – కలకత్తా జాతీయ రహదారిపై నున్నది తడ మండలము. ఒక వైపున పులికాట్ సరస్సు, దానిని నమ్ముకొని బ్రతుకు మత్స్యకారుల పల్లెలు, యానాదుల గుడిసెలు కలవు. మరొక వైపున, కూతవేటు దూరములో, శ్రీసిటీ కర్మాగారములు కలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ మండలము నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరినది. కర్మాగారపు యంత్రమునకును, గుడిసెలోని దీపమునకును విద్యుత్తు నందించు పంపిణీ సంస్థ ఒక్కటే. దాని కేంద్రము తిరుపతి. ఇరువురి లెక్కలును ఒకే పద్దులో నుండుటచే, ఒకరు చెల్లించునది తగ్గినచో ఆ లోటు ఎవరిపైననో పడక తప్పదు. సౌరవిద్యుత్తు వ్యాపించుచున్న ఈ దినములలో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మిదియే.

మార్పు ఎందులకు?

బొగ్గు కొరత, వేసవి వాడకము కలిసిరాగా, 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున పరిశ్రమలకు విద్యుత్ విరామము ప్రకటింపవలసి వచ్చెను. బొగ్గు ధర పెరిగిన ఆ భారము పల్లెకును చేరును. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయముల సర్దుబాటు పేర యూనిట్టుకు 40 పైసల వరకు నెలనెలా వసూలు చేయుటకు 2023 నుండి నియమము లేర్పడినవి. ఎండకు ధర లేదు గనుక సౌరవిద్యుత్తు మనకు మేలైనదే. 2024లో ప్రకటించిన రాష్ట్ర స్వచ్ఛ ఇంధన విధానము 1,60,000 మెగావాట్లకు పైగా లక్ష్యముగా పెట్టుకొన్నది.

భారము చేతులు మారు విధము

2022 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చిన గృహ ధరల పట్టికను చూడుడు. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 400 యూనిట్లు దాటిన పిదప 9 రూపాయల 75 పైసలు. సరఫరాకు అగు వ్యయముకంటె మొదటి ధర తక్కువ. ఆ లోటును కొంత పెద్ద వాడకందార్లును, కొంత ప్రభుత్వ సబ్సిడీయును పూరించును.

ఇప్పుడు ఒక మేడ యజమాని 3 కిలోవాట్ల సౌరఫలకములు పెట్టించెననుకొందము. కిలోవాటుకు దినమునకు సుమారు 4 యూనిట్ల వంతున, నెలకు 360 యూనిట్లు వచ్చును. అతడు హెచ్చుధరకు కొను యూనిట్లు తగ్గును. రాత్రివేళ మాత్రము పంపిణీ తీగలనే వాడుకొనును. స్తంభములు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ జీతము తగ్గవు. ఆ వ్యయమును ఫలకములు లేనివారు పంచుకొనవలసి వచ్చును. కర్మాగారములు బయటి నుండి హరిత విద్యుత్తు కొన్నను చిక్కు ఇట్టిదే. 2022 కేంద్ర నియమములు 100 కిలోవాట్ల వాడకందారుకును ఈ వీలు కల్పించినవి. లోటు పూడ్చుటకై అట్టివారిపై క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి విధింపబడును.

ఇది సౌరశక్తిని వలదనుటకు కారణము కాదు. న్యాయముగా పంచుమనుటకు కారణము.

నిర్ణయించున దెవరు?

1998 విద్యుత్ సంస్కరణల చట్టము ననుసరించి 1999లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. ధరలను నిర్ణయించునది పంపిణీ సంస్థ కాదు, ఈ మండలియే. 2003 విద్యుత్ చట్టము 64వ సెక్షను ప్రకారము సంస్థ తన ప్రతిపాదనలను ప్రకటింపవలెను. ప్రజల అభ్యంతరములను పరిశీలించి మండలి 120 దినములలో ఉత్తరువు వెలువరింపవలెను. 65వ సెక్షను ప్రకారము ప్రభుత్వము తా నిచ్చు సబ్సిడీని ముందుగా చెల్లింపవలెను.

పంచాయతీ కర్తవ్యములు

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో గ్రామ విద్యుదీకరణము 14వ అంశము, సంప్రదాయేతర ఇంధనములు 15వ అంశము. కావున ఇది మన పనియే.

1. ఇంటింటి జాబితా వ్రాయుడు. షెడ్యూల్డు కులముల, తెగల గృహములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితము. మీటరు తమ పేర లేకనో, ధ్రువపత్రము లేకనో ఈ మేలు అందని కుటుంబము లున్నవేమో విచారింపుడు.

2. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు సహాయము లభించును. మిగిలిన సొమ్మునకు బ్యాంకు ఋణపు మార్గము చూపుడు. ఫలకములు పెట్టిన ఇంటికి 1,000 రూపాయల వంతున స్థానిక సంస్థకు ప్రోత్సాహక మున్నది.

3. ఫలకములను మోయగల కప్పు లేని గుడిసెవాసులను మరువవలదు. పంచాయతీ స్థలములో ఉమ్మడి ఫలకములు నిలిపి, ఆ యూనిట్లను వారి బిల్లులలో తగ్గింపుమని కోరుడు.

4. సౌరకేంద్రమునకు పశువుల మేత బీడు నడిగినచో, ముందు గ్రామసభలో చర్చింపుడు. ఆ బీడుపై ఆధారపడిన వారి మాట మొదట వినుడు.

5. సరఫరా లోపములకు 1912 నంబరుకు ఫోను చేయుడు. పరిష్కారము కానిచో తిరుపతిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకును, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కును వ్రాయవచ్చును.

ఏటేట నవంబరు నెలాఖరునకు పంపిణీ సంస్థలు మరుసటి సంవత్సరపు లెక్కలను దాఖలు చేయవలసి యున్నది. పెద్ద పరిశ్రమల పక్షమున నిపుణులు వాదింతురు. గుడిసె పక్షమున వాదించువారు అరుదు. పై జాబితాను గ్రామసభలో చదివి, తీర్మానము చేసి, అభ్యంతరముగా మండలికి పంపుడు. బహిరంగ విచారణకు ఒక సభ్యుని పంపుడు. అక్కడ పలికిన మాట ఉత్తరువులో చోటు చేసికొనగలదు. మౌనమున కట్టి భాగ్యము లేదు.